తెల్ల చుక్క పెట్టని మస్టాంగ్

నలభై రెండేళ్లు మోటారు మెకానిక్కుగా పనిచేశాను. మొదటి ఆరేళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ప్రైవేటు గ్యారేజీలో, మిగతావి సర్కారు వర్క్‌షాపులో. ప్రమోషను ఎప్పుడొచ్చింది, రిటైరైన రోజు ఎవరు దండ వేశారు లాంటివి రాయను. అవి నాకే సరిగ్గా గుర్తులేవు.

మా బ్రూక్షాబాద్ చర్చి నుంచి ముగ్గురు పిల్లలు ఐ.టి.ఐ. చదివి ఈ పనిలోకి వస్తున్నారు. "అంకుల్, మీ టైమ్ లో బండ్ల సంగతులు థోడా లిఖ్ కే దీజియే నా" అని అడిగారు. వాళ్లకి తెలుగు నోటికి వచ్చినంతగా కంటికి రాదు. కూడబలుక్కుని చదవాలి. అయినా తెలుగులోనే రాస్తున్నాను. తొందరగా చదివి పక్కన పడేసే సంగతి కాదిది.

వాళ్లు అడిగింది అమెరికన్ బండ్ల గురించి. ఫోన్లలో వీడియోలు చూసి, "మీరు అసలు మస్టాంగ్ ముట్టుకున్నారా అంకుల్?" అంటారు. ముట్టుకున్నాను. అదే చెబుతాను.

జహాజ్ వచ్చే దాకా

ఆ రోజుల్లో మాకు రబ్బరు వాషరు దగ్గర్నుంచి ముందు అద్దం దాకా అన్నీ జహాజులో రావాలి. వానాకాలం సముద్రం బాగోకపోతే పదిహేను రోజులైనా జహాజు ఉండదు. ఈలోగా ఎవరి బండీ ఆగడానికి వీల్లేదు. అందుకని మా రిపేర్లలో సగం 'జహాజ్ వచ్చే దాకా' రిపేర్లే. ఫ్యాన్ బెల్టు తెగితే లారీ ట్యూబు కోసి బిగించేవాళ్లం. సైలెన్సరు చిల్లుపడితే నూనె డబ్బా రేకు చుట్టేవాళ్లం. పెట్రోలు ట్యాంకు చెమ్మగిల్లితే బట్టల సబ్బు మెత్తగా నూరి అద్దేవాళ్లం.

మా గ్యారేజీ మేస్త్రి నూకరాజుగారు. భీమిలి వైపు నుంచి చిన్నప్పుడే దీవులకు వచ్చిన మనిషి. ఆయనకొక పద్ధతి ఉండేది. తాత్కాలికంగా చేసిన ప్రతి పని పక్కనా తెల్ల పెయింటుతో శనగగింజంత చుక్క పెట్టాలి. ఉప్పుగాలికి అది లేచిపోకుండా పైన గ్రీజు పూయాలి. జహాజు వచ్చి సామాను చేతికందాక, చుక్క ఉన్న బండ్లన్నిటినీ వెనక్కి పిలిపించి, ఆ పని సరిగ్గా చేసి, చుక్క తుడిచేయాలి. ఎవడు చేసిన పనికి వాడే తుడవాలి. ఇంకొకడు తుడిస్తే ఆయనకు మండిపోయేది.

"సుక్కెట్టడానికి సిగ్గేటిరా? నీకు సేతకాక ఎట్టలేదు, సామాను లేక ఎట్టేవు. మర్సిపోకుండా ఎట్టేవు," అనేవారు.

చుక్క పెట్టిన బండ్ల యజమానులు ఆయన్ని నమ్మేవారు. వాళ్లు తిరిగి వచ్చినప్పుడు బాన్నెట్టు ఎత్తి, గ్రీజు తుడిచి, "ఇదిగో, ఇది బాకీ ఉంది," అని తామే చూపించేవారు. ఇంత చక్కటి పద్ధతి నేను తర్వాత పనిచేసిన చోట ఎక్కడా చూడలేదు.

రెండు అమెరికన్ బండ్లు

నా కుర్రతనంలో పోర్ట్ బ్లెయిర్‌లో ఇలాంటివి రెండే ఉండేవి. మొదటిది ఒక షిప్పింగు ఏజెంటు తెచ్చిన ఛార్జర్ అనే ఆకుపచ్చ కారు. దాన్ని కొన్న డబ్బుతో రెండు లారీలు వచ్చేవని చెప్పుకునేవారు. మూడు వానాకాలాలు గడిచేసరికి తలుపుల కింద రేకు అప్పడంలా విరిగింది. సముద్రం ఒడ్డున నిలిపి, మంచినీళ్లతో కింద కడగకపోతే ఎంత గొప్ప బండయినా అంతే. మీరు నేర్చుకోవలసిన మొదటి పని స్పానరు పట్టుకోవడం కాదు, బండి కిందకి దూరి కడగడం.

రెండోది మస్టాంగ్. దత్తా సాబ్ అని కలప కాంట్రాక్టరు, ఫెరార్గంజ్ దాటాక ఇల్లు. మద్రాసులో ఎవరో విదేశీ దౌత్యాధికారి దేశం వెళ్లిపోతూ అమ్మిన బండిని కొని, జహాజు డెక్కు మీద కట్టించి తెచ్చారు. క్రేను దాన్ని జెట్టీ మీద దింపుతుంటే నేనక్కడే ఉన్నాను. నాకు ఇరవై మూడేళ్లు. జీపులు, లారీలు, అంబాసిడర్లు తప్ప ఇంకేమీ చూడని కళ్లు. ముదురు నీలం రంగు. పొడుగాటి ముక్కు, పొట్టి వెనక. ముందు జాలీ మధ్యలో పరుగెత్తే గుర్రం బొమ్మ. వెనక లైట్లు ఒక్కో పక్క మూడేసి నిలువు గీతలు. స్టార్టు చేయగానే జెట్టీ మీద నిలబడ్డవాళ్లు మాట్లాడటం ఆపేశారు. ఎనిమిది సిలిండర్ల ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు చేసే ఆ చప్పుడు చెవితో కాదు, పొట్టతో వింటాం.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ బండిని నేను ప్రేమించాను. ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని దాని బాన్నెట్టు తుడిచిన రోజులున్నాయి. మా అమ్మ తిట్టింది కూడా.

దాన్ని నడిపే డ్రైవరు ఖాదర్ భయ్యా, నీళ్లకి అవతల ఒడ్డున బాంబూఫ్లాట్ మనిషి. వాళ్ల తాతలు మలబారు నుంచి వచ్చారు. మా గ్యారేజీలో కూర్చుని కూర్చుని తెలుగు నేర్చుకున్నాడు. ఆ బండికి స్టీరింగు ఎడమ పక్క. మన రోడ్డు మీద ముందు బండిని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో డ్రైవరుకి కనబడదు. కుడి పక్క కూర్చున్న దత్తా సాబే చూసి "ఖాలీ హై" అనాలి. అప్పుడు గానీ ఖాదర్ భయ్యా దాటేవాడు కాదు. అంత జాగ్రత్త మనిషి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నేను పోసిన నూనె

ఆ ఏడు వానాకాలం మధ్యలో మస్టాంగ్ బ్రేకులు నా చేతికి వచ్చాయి. కొత్త బ్రేకు షూలు దత్తా సాబ్ మద్రాసు నుంచి ముందే తెప్పించి పెట్టుకున్నారు. వాటిని బిగించాను. పైపుల్లోంచి పాత బ్రేక్ ఆయిలు తీసేశాను. తీరా కొత్తది పోద్దామంటే ఊళ్లో ఒక్క డబ్బా లేదు. జహాజు రాలేదు. మేస్త్రిగారు మలేరియాతో ఇంట్లో పడుకున్నారు.

ఇలాంటప్పుడు ఆయన ఆముదంలో స్పిరిటు కలిపి పోసేవారు, అది ఒక లెక్క ప్రకారం కలపాలి. ఆ లెక్క నాకు తెలియదు. ఇంటికెళ్లి అడిగితే పోయేది. "మలేరియా మనిషిని ఇబ్బంది పెట్టడమెందుకు," అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే, ఆ బండి పని ఒంటరిగా పూర్తిచేశానని అనిపించుకోవాలి నాకు. బుల్డోజరు ఆపరేటరు ఒకడి దగ్గర హైడ్రాలిక్ ఆయిలు ఉంది. అదీ నూనే, ఒత్తిడి మోసే నూనే. తెచ్చి పోశాను. పెడలు గట్టిగా నిలబడింది. సంతోషించాను.

ఈ పని చేస్తున్న మీకు తెలిసే ఉంటుంది. బ్రేకు మాస్టర్ సిలిండరులో ఉండే రబ్బరు కప్పులకు ఆ నూనె పడదు. నానిన శనగల్లా ఉబ్బుతాయి. మొదట బ్రేకు వదలదు, తర్వాత రబ్బరు మెత్తబడి చిరిగిపోతుంది. ఆ కాలపు మస్టాంగ్‌కి నాలుగు చక్రాలకూ నూనె వెళ్లే దారి ఒకటే. అది పోతే అన్నీ పోయినట్టే. ఇదంతా నాకు ఆ తర్వాత తెలిసింది.

తెల్ల పెయింటు డబ్బా చేతిలోకి తీసుకున్నాను. దత్తా సాబ్ పక్కనే నిలబడి ఉన్నారు.

"అరే, మేరీ గాడీ పే దాగ్ మత్ లగానా," అన్నారు నవ్వుతూ, నా బండికి మచ్చ పెట్టకు అని.

ఆయన అనకపోయినా నేను పెట్టేవాణ్ణి కానేమో. అంత అందమైన బండి మీద, నా చేత్తో చేసిన మొదటి పెద్ద పని మీద, 'ఇది సగం పని' అని గుర్తు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. బ్రష్షు మళ్లీ డబ్బాలో పెట్టేశాను.

ఖాదర్ భయ్యా చెప్పిన మాట

తొమ్మిదో రోజు జహాజు వచ్చింది. బ్రేక్ ఆయిలు డబ్బాలు దిగాయి. చుక్కలున్న జీపులు, లారీలు వరసగా గ్యారేజీకి వచ్చాయి. మస్టాంగ్‌ను పిలవలేదు. చుక్క లేదు కదా. మర్చిపోయానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. మర్చిపోలేదు. పిలిస్తే ఎందుకు పిలిచావని మేస్త్రిగారు అడుగుతారు. కొంచెం తీరిక దొరికాక చూద్దామనుకున్నాను.

రెండు రోజులకి ఖాదర్ భయ్యా తనే వచ్చాడు.

"సామ్యేల్ భాయ్, బ్రేక్ పట్టేస్తోంది. కాలు తీసినా ఛోడ్ నహీ రహా. చక్రాలు గరమ్ అయిపోతన్నాయి. ఒకసారి దేఖ్ లో."

జీపు కింద పడుకుని ఉన్నాను. బయటికి రాలేదు.

"కొత్త షూలు కదా భయ్యా, అలాగే ఉంటాయి. నాలుగు రోజులు నడిస్తే సెట్ అయిపోతాయి."

"పక్కా?"

"పక్కా."

"తూ బోలా తో ఠీక్ హై," అని వెళ్లిపోయాడు.

మీకు ఒక్క సలహా చెప్పమంటే ఇదే చెబుతాను. డ్రైవరు వచ్చి బండి గురించి ఏదైనా అంటే జీపు కింద నుంచి బయటికి రండి. మనం బండిని నెలకోసారి చూస్తాం. అతను రోజంతా కాళ్లతో వింటాడు.

చప్పుడు, స్పీడు

ఆ తర్వాత మూడో రోజు ఫెరార్గంజ్ దగ్గర దిగుడులో మస్టాంగ్ రోడ్డు దిగి కొబ్బరిచెట్టుకు కొట్టుకుంది. పక్క సీట్లో కునుకు తీస్తున్న దత్తా సాబ్‌కి భుజం ఎముక విరిగింది. ఖాదర్ భయ్యా మోకాలు చితికింది. పెడలు నేలకి అంటిపోయిందని, బ్రేకు పడలేదని అతను ఆసుపత్రిలో అందరికీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పొలాల్లో ఉన్నవాళ్లంతా ఒకే మాట చెప్పారు: పెద్ద మోతతో దూసుకొచ్చిందని. ఆ బండి నిలబడి ఉన్నా మోతే. నడిచి వెళ్లేంత నెమ్మదిగా వెళ్లినా మోతే. కానీ చప్పుడు విన్నవాళ్లకి అది స్పీడులాగే అనిపించింది. బండి చూడటానికి వచ్చిన ఇన్‌స్పెక్టరుకి దెబ్బకి పైపు తెగి నూనె అంతా కారిపోయి కనిపించింది. అందువల్లే పెడలు ఖాళీగా ఉందనుకున్నాడు.

బండిని మా గ్యారేజీకి లాక్కొచ్చారు. మేస్త్రిగారు అప్పటికి లేచి తిరుగుతున్నారు. బాన్నెట్టు కింద చెయ్యి పెట్టి, అంటిన తడిని వేలితో తీసి వాసన చూశారు. నా వైపు చూశారు.

చేతికి కట్టు కట్టుకుని దత్తా సాబ్ వచ్చారు. "బ్రేకులు ఎవరు చేశారు?" అని అడిగారు.

"సామ్యేలు సేసేడు సాబ్," అన్నారు మేస్త్రిగారు.

"బ్రేక్ ఠీక్ థా?"

మేస్త్రిగారు నేల చూస్తున్నారు. నన్ను చెప్పనివ్వడానికే ఆయన ఆగారు. ఇప్పుడు తెలుస్తోంది.

"ఠీక్ థా సాబ్," అన్నాను.

అంతే. రెండు మాటలు. ఖాదర్ భయ్యా ఉద్యోగం పోయింది, లైసెన్సు పోయింది. స్పీడు పిచ్చివాడని పేరు పడింది. ఈ దీవుల్లో ఒక పేరు పడితే దాన్నుంచి తప్పుకోవడానికి ఇంకో ఊరు లేదు. తర్వాత ఎవ్వరూ అతనికి స్టీరింగు ఇవ్వలేదు. కుంటుకుంటూ జెట్టీలో బస్తాలు లెక్కపెట్టే పనిలో బతికాడు. నేను చాతం జెట్టీలో ఫెర్రీ ఎక్కాల్సి వస్తే, అతను కనబడితే, తర్వాతి ఫెర్రీకి వెళ్లేవాణ్ణి.

మేస్త్రిగారు ఏడాదిపాటు నాకు బ్రేకు పని ఇవ్వలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన గురించి నాకు రెండు మనసులు. ఆ రోజే నా చెంప పగలగొట్టి నిజం చెప్పించి ఉంటే ఒక మనిషి జీవితం నిలబడేది. ఆయన అలా చేయలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆయన మంచం పట్టిన రోజుల్లో చూడటానికి వెళితే, "ఒరే, ఆ నీలం బండి ఎక్కడుందిరా?" అని అడిగారు. తెలియదన్నాను. "సూడు ఓసారి," అన్నారు. జ్వరంలో ఏదో అంటున్నారనుకున్నాను.

మా చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారం, పాస్టరుగారు ఎవరిని వారు పరీక్షించుకోమని రెండు నిమిషాలు మౌనం ఇస్తారు. నలభై ఐదేళ్లుగా ఆ రెండు నిమిషాలూ నాకు ఆ దిగుడే కనిపిస్తుంది. ప్రతిసారీ లేచి వెళ్లి బల్ల తీసుకున్నాను.

గ్రీజు కింద

పోయిన ఏడాది దత్తా సాబ్ కూతురు మీరా ఫోను చేసింది. సాబ్ పోయి చాలా ఏళ్లయింది. ప్రమాదం తర్వాత షెడ్డులో పెట్టిన నాన్న బండి బాగుచేయించకుండా అలాగే ఉందని, ఎలాగైనా ఒకసారి స్టార్టు చేయించాలని అడిగింది. "అంకుల్, ఆ బండి రిపేరు చేసినవాళ్లలో మీరొక్కరే మిగిలారు."

ఫెరార్గంజ్ వెళ్లాను. తుప్పు తినగా మిగిలింది సగమే. గుర్రం బొమ్మ మాత్రం ఉంది. బాన్నెట్టు లేవకపోతే గడ్డపారతో లేపాం. మాస్టర్ సిలిండరు పైన, వెనక రేకు మీద అరచేతి మందాన గ్రీజు ఎండి గట్టిపడి ఉంది. ఆ చోట గ్రీజు పూయవలసిన పని లేదు. కిరోసిను గుడ్డతో తుడుస్తూ పోయాను.

కింద తెల్ల చుక్క ఉంది. శనగగింజంత.

నేను పెట్టలేదు. ప్రమాదం తర్వాత గ్యారేజీలో ఆ బండి ఉన్న రెండు రోజుల్లో మేస్త్రిగారు పెట్టారు. పెట్టి, నలభై ఏళ్లయినా చెదరకుండా గ్రీజు పూశారు. ఆ పని సామ్యేలుది, సామ్యేలే తుడవాలని పెట్టారు. షెడ్డులో నేలమీద కూర్చుని ఏడ్చాను. మీరా మంచినీళ్లు తెచ్చి, "బండి ఇలా అయిపోయిందని బాధగా ఉందా అంకుల్?" అని అడిగింది. అప్పుడే ఆ పిల్లకి మొత్తం చెప్పాను. ఆమె వంగి ఆ చుక్కను చూసింది. తర్వాత, "ఇది నాకు కాదు కదా చెప్పాల్సింది," అంది.

బాంబూఫ్లాట్

మర్నాడు పొద్దున్నే చాతంలో ఫెర్రీ ఎక్కాను. మాస్టర్ సిలిండరును గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఖాదర్ భయ్యాకి ఎనభై దాటాయి. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. చాయ్ తెమ్మని లోపలికి కేక వేశాడు.

చాయ్ రాకముందే మొదలుపెట్టాను. ఆగితే చెప్పలేనని తెలుసు. హైడ్రాలిక్ ఆయిలు, చుక్క, జీపు కింద నుంచి చెప్పిన 'పక్కా', దత్తా సాబ్‌తో అన్న రెండు మాటలు, అన్నీ చెప్పాను. సిలిండరు ఒళ్లో పెట్టాను. లోపల రబ్బరు ముద్దలా అంటుకుపోయి ఉంది. దాన్ని వేలితో నొక్కి చూశాడు.

"ఆ రోజు నేను ఎంతలో పోతన్నానో తెలుసా?" అన్నాడు.

తల అడ్డంగా ఊపాను.

"ముప్పై. ఆ మైళ్ల మీటరులో ముప్పై. అందరికీ చెప్పాను. పోలీసుకి, సాబ్‌కి, మసీదులో. మేరీ బీవీ కో భీ. ఆవిడ సరేలే అనేది. నమ్మలేదు. నాకు తెలుసు, నమ్మలేదు."

"భాభీజీ..."

"చార్ సాల్ హో గయే."

క్షమించమని అడుగుదామని వెళ్లాను. ఆ మాట అడగలేదు. ఆవిడ పోకముందు, నాలుగేళ్ల కింద వచ్చి ఉంటే ఆ ఒక్క మనిషైనా వినేది.

అతను నన్ను తిట్టలేదు. పరవాలేదనీ అనలేదు. కర్ర ఊతంతో లేచి లోపలికి చూసి కొడుకుని పిలిచాడు, కోడల్ని పిలిచాడు. గోడ మీదుగా పక్కింటి ముసలాయన్ని కూడా పిలిచాడు. అందరూ వచ్చి వరండాలో నిలబడ్డారు.

"సామ్యేల్ భాయ్, ఫిర్ సే బోలో. మొదట్నుంచి. హిందీలో చెప్పు, అందరికీ సమఝ్ అవ్వాలి."

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. నిలబడి చెప్పాను. చివర్లో పక్కింటి ముసలాయన సందేహంగా, అయినా బండి బాగా స్పీడుగానే వచ్చిందని అప్పట్లో అందరూ అన్నారు కదా, అసలు ఎంతలో వెళుతోంది అని ఖాదర్ భయ్యాను అడిగాడు.

ఖాదర్ భయ్యా కర్రకి ఆనుకుని నా వైపు చూశాడు.

"ముప్పై," అన్నాను నేను.